మూడో ప్లేటు మీద గీత

ఫిబ్రవరి 4

వదినకి ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు చేరింది. కిడ్నీల వార్డు నుంచి రెండో అంతస్తుకి మార్చారు. రెండో అంతస్తంటే ఏమిటో నర్సు చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడ చూడవచ్చేవాళ్లకి వేళలు లేవట, ఎప్పుడైనా రావచ్చట. ఆ మాటతోనే అర్థమైపోయింది.

నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కూతురు కాళ్లు నొక్కుతోంది. వేలు తీసిన చోటల్లా గుంట పడి, అలాగే ఉండిపోతోంది. నన్ను చూసి వదిన, "నువ్వెళ్లి కాసేపు టీ తాగి రావే" అని దాన్ని బయటికి పంపేసింది.

"మీ ఆఫీసులో పాత ప్లేట్లన్నీ ఏదో యంత్రంలో పెట్టి ఫొటోలు తీస్తున్నారటగా" అంది.

పేపర్లో వచ్చిందట.

"అవును వదినా. ఇంకా మొదటి గదే అవలేదు."

"నావి మూడూ ముందు తీయించు."

"ఇన్నేళ్ల తర్వాత అదెందుకులే."

"నేను పోయేలోగా ఆకాశంలో నేను చూసిన ఆ రాయి సంగతి తేలాలిరా చిన్నోడా. ఉంటే ఉందని చెప్పు. నాకే మతి చెడి కనపడిందంటే అదీ చెప్పు. మధ్యలో వేలాడుతూ పోలేను."

ముప్పై నాలుగేళ్లలో నా ముందు ఆమె ఆ మాట ఎత్తడం ఇదే మొదటిసారి. నాకు పదకొండేళ్లప్పుడు వచ్చింది మా ఇంటికి, అమ్మ లేని ఇంటికి. ఎక్కాల దగ్గర్నుంచి నాకు అన్నీ ఆమే నేర్పింది. ఆమె అబ్జర్వేటరీలో పనిచేస్తూ నన్నూ అక్కడే గడియారం గదిలో ఉద్యోగానికి పెట్టించింది. నేనింకా అక్కడే ఉన్నాను. ఆమె లేదు.

"తప్పకుండా తీయిస్తా" అన్నాను. అనక ఏమనాలి?

ఫిబ్రవరి 5

ప్లేట్ల గదికి నేనే కాపలా, నేనే అధికారి. ఒకప్పుడు టెలిస్కోపుతో ఆకాశాన్ని ఫొటో తీసిన పంతొమ్మిది వేల గాజుపలకలు, ఒక్కోటి ఒక్కో కాగితం సంచిలో, ఇనుప అరల నిండా. టెలిస్కోపు గుమ్మటానికి తాళం వేసి ఏళ్లయింది, చుట్టూ దీపాలు పెరిగిపోయి ఆకాశం కనపడడం మానేశాక. ఇప్పుడా గదిలోకి వచ్చేది నేనూ, స్కానర్ మేడమూ.

ముప్పై దాటని మనిషి. కుర్చీలోకి దిండు ఇంటి నుంచి తెచ్చుకుంటుంది. వదిన సంగతి చెప్పగానే, "అయ్యో, ముందు అవే తీద్దాం సార్. మూడూ పట్రండి" అంది.

మొదటిదీ రెండోదీ వాటి చోట్లోనే ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. ప్లేటు మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. నక్షత్రమైతే చుక్క. సూర్యుడి చుట్టూ తిరిగే రాయైతే, ప్లేటు తెరిచి ఉంచిన నలభై నిమిషాల్లో సన్నటి గీత గీస్తుంది, చీమ కాలంత. వదిన పెన్సిలుతో చుట్టిన సున్నాల్లో గీతలు అలాగే ఉన్నాయి. ఒక్క ప్లేటు మీద గీత ఉంటే మరకేమో అనుకోవచ్చు. మూడింటి మీద, రోజురోజుకీ జరుగుతూ కనపడితే అది రాయే.

మూడోది చోట్లో లేదు. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 6

మూడోది ఇవాళా దొరకలేదు.

ఫిబ్రవరి 7

ఇవాళ వెతకలేదు. తలనొప్పి.

"నాకే మతి చెడి" అంది. ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

అప్పుడు మూడు ప్లేట్లూ ముందేసుకుని వారం రోజులు చేత్తో లెక్కలు వేసింది. ఆ వారమంతా అన్నయ్యే వంట. రాయి తిరిగే దారి తేలాక ఆమెకే నమ్మకం కుదరక మళ్లీ వేసింది. మళ్లీ అదే వచ్చింది. అంగారకుడికీ గురుడికీ మధ్య పట్టీలో మిగతా రాళ్లలా బుద్ధిగా తిరక్కుండా, అది లోపలికి చొచ్చుకొచ్చి భూమి పక్కనుంచి పోతుందని. డైరెక్టరు ఎగిరి గంతేశాడు. పేపర్ల వాళ్లని పిలిచింది ఆయనే. "భూమి వైపు దూసుకొస్తున్న రాయి" అని మొదటి పేజీలో వదిన ఫొటో. కూరగాయలమ్మే ఆవిడ కూడా "ఎప్పుడు పడుద్దమ్మా, ముందే చెబితే సరుకు తెచ్చుకోను" అనేది.

నెల తిరిగేసరికి ఎక్కడెక్కడి పెద్ద టెలిస్కోపులన్నీ వదిన చెప్పిన చోటికి తిప్పి చూశారు. అక్కడ ఏమీ లేదు. పక్కనా లేదు. ఎక్కడా లేదు.

అదే డైరెక్టరు కమిటీ వేశాడు. మూడో ప్లేటు మీద గీత సిరాతో గీసిందే అన్నాడొకడు. వదిన ఒక్క మాట మీదే నిలబడింది. మూడో ప్లేటు తీసినప్పుడు మబ్బు పట్టింది, చాలాసేపు ఆగి తీశాను, లెక్కకి గడియారం గది పుస్తకంలో టైమునే నమ్మాను, అది చూడండి, తప్పు అక్కడ పడి ఉంటుంది అని. ఎంతసేపు ఆగావంటే చెప్పలేకపోయింది. గుమ్మటంలో చీకటి, గడియారం ఉండదు. మబ్బు చూశావా అని గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగితే, ఆకాశం చూడ్డం నా డ్యూటీ కాదన్నాడు.

పుస్తకం తెచ్చారు. తొమ్మిది పదికి ప్లేటు తెరిచినట్టు, తొమ్మిది యాభైకి మూసినట్టు ఉంది. పైన ఆమె మీట నొక్కితే కింద గడియారం గదిలో గంట మోగుతుంది. తెరిచినప్పుడొకటి, మూసినప్పుడొకటి. మోగిన క్షణం చూసి రాయడం నా ఉద్యోగం.

నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. గంట విని రాశావా అని. విని రాశానన్నాను.

ఛైర్మన్ వదిన వైపు తిరిగి, "మీ జ్ఞాపకం కన్నా పుస్తకాన్నే నమ్మాలి గదమ్మా" అన్నాడు.

నా రాతలో కొట్టివేత ఉండదు. ఎవర్నైనా అడగొచ్చు.

ఫిబ్రవరి 8

దొరకలేదు.

ఫిబ్రవరి 9

స్కానర్ మేడం తనే అరలు వెతకడం మొదలుపెట్టింది. "మీరు కూర్చోండి సార్, మీకు వంగడం కష్టం" అంది. ఆ పిల్ల నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి నేనే లేచి, చిట్టచివరి అర వెనక్కి చెయ్యి పెట్టి తీసిచ్చాను.

"అక్కడికెలా వెళ్లింది?" అంది.

"ఎవరు పెట్టారో" అన్నాను.

ఫిబ్రవరి 10

సిరా కాదు!

సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమంది మేడం. సిరా అయితే పైపొర మీద ఉంటుందట. ఇది గాజు మీద పూసిన మందు పొర లోపల గింజలు గింజలుగా ఉంది, పక్కన నక్షత్రాలు ఎలా ఉన్నాయో అలాగే. "వెలుగు పడితేనే ఇలా అవుతుంది సార్. ఎవరూ గియ్యలేరు" అంది.

ఆఫీసు నుంచి అటే పరిగెత్తాను. ఆస్పత్రి లిఫ్టు కోసం ఆగలేదు. రొప్పుతూ చెప్పాను. వదిన మొహంలో ఏ మార్పూ లేదు.

"నేను గియ్యలేదని నాకు తెలీదురా? రాయి సంగతి చెప్పు."

ఆమె కూతురు నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. "బాబాయ్, డాక్టరు రెండు మూడు వారాలన్నాడు. అంతకంటే చెప్పలేనన్నాడు. నీ పనేదో తొందరగా కానీ" అంది. దానికి ఏడుపు రావడం లేదు. మూడు వారాలుగా ఆస్పత్రిలో ప్లాస్టిక్ కుర్చీలోనే పడుకుంటోంది.

గీత నిజమని తేలింది గదా, అది చాలదా? ఆ కమిటీలో అందరూ పోయారు. ఒక్కడు బతికున్నాడట, వాడికిప్పుడు మతి లేదు. ఇక్కడితో ఆగితే ఎవరికేం నష్టం?

ఫిబ్రవరి 12

దొరికింది.

ప్లేటు కాదు, రాయి.

స్కానర్ మేడం పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఈ ముప్పై ఏళ్లలో ఎవరెవరో కనిపెట్టిన రాళ్లన్నీ ఒక జాబితాలో ఉంటాయట, లక్షలు. ప్రతిదీ వదిన ప్లేట్లు తీసిన రోజుల్లో ఎక్కడ ఉండి ఉండాలో కంప్యూటరు చేత వెనక్కి లెక్క వేయించింది. మొదటి ప్లేటు మీద వదిన గీత ఉన్నచోటికి ఒక రాయి వచ్చి నిలబడింది. రెండో ప్లేటుకీ అదే రాయి, సూది పెట్టినట్టు. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఏదో యంత్రం దాన్ని తనంతట తనే కనిపెట్టిందట. దానికి నంబరుంది, పేరు లేదు. ఏడు కిలోమీటర్ల రాయి. పట్టీలో నాలుగేళ్లకో చుట్టు చుట్టే మామూలు రాతి రకం. భూమి దరిదాపులకి కూడా రాదు.

"మూడోది మాత్రం కలవట్లేదు సార్. వెంట్రుకలు నాలుగు పక్కపక్కన పెడితే ఎంత మందమో అంత తేడా. రాయి అక్కడే ఉంది గానీ గీత ముందుకి జరిగి ఉంది."

మూడో ప్లేటుని సంచిలో పెట్టబోయాను.

"టైము మార్చి చూశా. పుస్తకంలో ఉన్నదానికి యాభై రెండు నిమిషాలు కలిపితే అతికినట్టు కూర్చుంది. అంటే టైము తప్పు రాశారు. పాపం ఆవిడ లెక్కలో పొరపాటేం లేదు. ఈ తప్పుడు టైముతో నేను వేసినా భూమి దగ్గరికే వస్తోంది దారి. ఎవరు సార్ అప్పుడు టైము రాసింది?"

పుస్తకం ఆమె ముందే తెరిచి ఉంది. కింద సంతకం చోట పొడి అక్షరం ఒకటే ఉంది.

"అప్పుడు చాలామంది ఉండేవాళ్లం" అన్నాను.

ఫిబ్రవరి 13

వేరే రోజయి ఉంటుంది. నేను బయటికి వెళ్లింది వేరే రోజు.

పొద్దున మా ఆవిడ తల దువ్వుకుంటుంటే మాటల్లో పెట్టి అడిగాను. "పెళ్లికి ముందు ఒకసారి నీ ఎక్స్ఛేంజికి వచ్చాను చూడు, అదెప్పుడు?"

"ఇప్పుడెందుకు గుర్తొచ్చానో!" అని నవ్వింది. "మార్చి పదహారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా మొదటి నైట్ డ్యూటీ, ఎలా మర్చిపోతా? సూపర్‌వైజరు రాలేదని ఫోను చేశా, రెక్కలు కట్టుకు వాలావు. వేరుశనక్కాయలు తెచ్చావు. రెండు గంటలు కూర్చున్నావు. కిటికీ పక్కనే కూర్చుని ఒక్కసారి బయటికి చూడలేదు. అప్పుడే అనుకున్నా, వీడు నన్ను తప్ప ఎవర్నీ చేసుకోడని."

"పదిహేనేమో" అన్నాను.

"పదహారు" అంది, దువ్వెన నోట్లో పెట్టుకుని జడ అల్లుకుంటూ. "ఏం, కాదా?"

మూడో ప్లేటు సంచి మీద తేదీ వదిన చేత్తో ఉంది. అది ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 15

చెప్పాను. చెప్పానంటే, రాయి ఉందని చెప్పాను.

ముందు ఆమెకి వినపడలేదనుకున్నాను. తర్వాత మంచం పట్టీ పట్టుకుని లేవబోయింది. కూతురూ నేనూ చెరో పక్క పట్టుకుని కూర్చోబెట్టాం. "ఎక్కడ? ఎక్కడుందిరా? చెప్పు" అంటుంటే ఆ గొంతు నాకు చిన్నప్పుడు తెలిసిన గొంతు. నంబరు చెప్పాను. ఎనిమిది చుట్లు తిరిగేసిందని చెప్పాను, మనమిక్కడ ఇలా ఉండగానే. మూడు ప్లేట్ల మీదా అదేనని చెప్పాను.

కళ్లు మూసుకుంది. నవ్వు మొహమే. నేను లేచి వచ్చేయాల్సింది అప్పుడే.

"మరి నేను చెప్పిన చోట ఎందుకు లేదు?"

"అప్పటి లెక్కలు కదా వదినా. చేత్తో వేసినవి. ఎక్కడో చిన్న తేడా..."

"లెక్క నేనే వేశా."

"అదే, ఎవరికైనా..."

"రెండుసార్లు వేశా. రెండుసార్లూ తప్పే అన్నమాట." నవ్వు పోయింది. "అంతేలే. వాళ్లు అన్నదీ అదేగా. లేని మబ్బుని ఉందన్న మనిషి లెక్క మాత్రం సరిగ్గా ఎందుకు వేస్తుంది?"

కూతురు నా వైపు చూసింది. నేను మంచినీళ్ల గ్లాసు వైపు చూశాను.

ఫిబ్రవరి 16

సంతోషపెట్టాలని వెళ్లాను. ఆమె దగ్గర్నుంచి ఏం తీసుకుని వచ్చేశానో.

ఫిబ్రవరి 17

ఆఫీసుకి వెళ్లలేదు. స్కానర్ మేడం రెండుసార్లు ఫోను చేసింది. తీయలేదు. మధ్యాహ్నం వదిన కూతురు చేసింది. అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు, కాగితం పెన్సిలు ఇమ్మంది, వేళ్లు వంగక రాయలేక విసిరేసింది, ఏమన్నావు బాబాయ్ నువ్వు అని. తప్పు ఎక్కడుందో వెతుకుతోందట. ఆ స్థితిలో, ఆ లెక్కలో లేని తప్పు.

ఇక ఇక్కడైనా రాయాలి. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మార్చి పదహారు. ఏ ప్లేటు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూయాలో వదిన ముందే పట్టిక వేసి ఇస్తుంది. పట్టిక ప్రకారం తొమ్మిది పది. వదిన పట్టిక తప్పదు. ఎనిమిదీ ముప్పావుకి ఫోను వచ్చింది. తెరిచే టైము నాకు ఎలాగూ తెలుసు, మూసే గంట లోగా వచ్చేద్దామనుకున్నాను. ఎక్స్ఛేంజి ఐదు నిమిషాల దూరం. వెళ్లేటప్పుడు ఆకాశం కడిగినట్టుంది. వచ్చేటప్పుడూ అలాగే ఉంది. మధ్యలో ఏమయిందో నాకేం తెలుసు? కిటికీ వైపు చూడలేదట కదా.

పదీ యాభైకి వచ్చాను. మూసే గంట ఎప్పుడో మోగి ఉంటుంది. చీకటి గదిలో నీళ్ల చప్పుడు, వదిన ప్లేటు కడుగుతోంది. గబగబా పుస్తకం తీసి తొమ్మిది పది, తొమ్మిది యాభై అని రాశాను. సిరా ఆరకముందే వదిన బయటికొచ్చింది, చేతులు తుడుచుకుంటూ.

"రెండు గంటలూ రాసుకున్నావుగా?"

"రాసుకున్నా."

"మబ్బు చంపేసిందిరా ఇవాళ. మెడ పట్టేసింది కూర్చుని కూర్చుని."

ఈ మాట నేను విన్నాను. ముప్పై నాలుగేళ్లుగా విననట్టు ఉన్నాను గాని, విన్నాను. అప్పుడే తెలిసింది నాకు రాసింది తప్పని. అసలు టైము ఏమిటో తెలియదు, నిజం చెబితే ఎక్కడికి వెళ్లావంటుంది, తలెత్తుకోలేను. ఒక్క నిమిషం సిగ్గుపడి ఉంటే ఆ ప్లేటు పక్కన పడేసి మర్నాడు ఇంకోటి తీసుకునేది. ఒక్క రోజు ఆలస్యం. అంతే అయి ఉండేది మొత్తం.

కమిటీ ముందు కూడా చెప్పొచ్చు. అప్పటికి ఉద్యోగం పర్మినెంటు కాబోతోంది, పెళ్లి మాటలు నడుస్తున్నాయి. కారణాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఇప్పుడు గుర్తుపెట్టుకోదగ్గదిగా లేదు.

అబ్జర్వేటరీ ఉద్యోగం పోయాక ఆమె ఆడపిల్లల బళ్లో లెక్కల టీచరుగా చేరింది. తాళం వేసి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి చూసేది. గ్యాసు మూడుసార్లు చూసేది. ఎవరైనా "మొన్న నువ్వే అన్నావు" అంటే, "అన్నానేమో, నాకు గుర్తుండదు" అనేది. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వాను. వంద నక్షత్రాల చోట్లు కంఠతా చెప్పగల మనిషి, తలుపు వేశానో లేదో నన్ను అడిగేది. నన్ను!

ప్లేటు అర వెనక పెట్టింది నేనే. గది తాళాలు నా చేతికొచ్చిన మొదటి వారంలోనే.

ఫిబ్రవరి 18

పదకొండుకి వెళ్లాను. కూతుర్ని ఉండమన్నాను, తనూ వినాలని. వదిన ముక్కులో గొట్టం పెట్టారు. నన్ను చూసి, "తప్పు దొరకలేదురా" అంది, ఏదో అప్పజెప్పినట్టు.

"నీ లెక్కలో తప్పు లేదు వదినా."

"లేకపోతే ఎలా?"

"మూడో ప్లేటు టైము తప్పు. యాభై రెండు నిమిషాలు."

నా మొహంలోకి చూసింది. ఆమె లెక్కల మనిషి. తర్వాతి మెట్టు ఏమిటో నేను చెప్పక్కర్లేదు, ఆ మెట్టు మీద ఎవడున్నాడో కూడా. అయినా అడిగింది.

"మబ్బు ఉందా?"

"ఉంది."

"యాభై రెండు నిమిషాలూ మబ్బేనా?"

"అవును వదినా. నేను గదిలో లేను. గంట వినలేదు. పట్టిక చూసి రాశాను. కమిటీ ముందు అబద్ధం చెప్పాను. నువ్వు మబ్బు చంపేసిందన్నావు, అదీ విన్నాను."

"విన్నావా?"

"విన్నాను."

కూతురు "బాబాయ్!" అంది. వదిన చెయ్యెత్తి దాన్ని ఆపింది.

"నాకు మతి తప్పిందనుకున్నానురా" అంది. "మీ అన్నయ్య పోయేరోజు కూడా అడిగా, ఏమండీ, ఆవేళ మబ్బు పట్టిందా అని. ఆయనకేం తెలుసు పాపం, ఇంట్లో నిద్రపోతున్నాడు. పట్టిందిలే అన్నాడు, నా కోసం. నీకు తెలుసు. నీకు తెలిసీ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు."

కాళ్ల మీద పడ్డాను. నీరు పట్టిన ఆ కాళ్లు మంచులా ఉన్నాయి. వెనక్కి లాక్కోవాలని చూసింది, కదల్లేదు. ఆ బలం కూడా లేదు ఆమెకి.

"బయటికి వెళ్లు" అంది.

ఫిబ్రవరి 19

రెండో అంతస్తు వరండాలో కూర్చున్నాను. సాయంత్రం దాకా. లోపలికి పిలవలేదు.

ఫిబ్రవరి 20

స్కానర్ మేడానికి చెప్పాను. పుస్తకంలో ఆ పొడి అక్షరం నాదేనని. ఆ పిల్ల దిండు సర్దుకుని యంత్రం వైపు తిరిగింది. సాయంత్రం వెళ్లేటప్పుడు రోజూ "వస్తా సార్" అంటుంది. ఇవాళ అనలేదు.

మా ఆవిడకీ చెప్పాను. మంచం మీద కూలబడిపోయింది. "నేను ఫోను చెయ్యకపోతే..." అంది. నువ్వు కాదు, నేనే అన్నాను. మా మధ్య ఇన్నేళ్లూ ఎంతో ముచ్చటగా చెప్పుకున్న కథ అదొక్కటే. ఇక చెప్పుకోం.

ఫిబ్రవరి 21

వరండా. వదిన కూతురు నా పక్కనుంచి మూడుసార్లు వెళ్లింది, నన్ను చూడకుండా. నాలుగోసారి ఆగి, "అమ్మ నిన్ను రానివ్వద్దంది. ఇంటికెళ్లు" అంది. అన్నం తింటోందా అని అడిగాను.

"తింటోంది" అని లోపలికి పోయింది.

తింటోంది!

ఫిబ్రవరి 22

పొద్దున్నే ఫోను. "కాగితాలు తీసుకుని రమ్మంటోంది."

వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ, "రాయి" అంది.

"ఉంది వదినా. నంబరు కూడా..."

"రాయమంటున్నానురా వెధవా. కలం తియ్యి."

కూతురు ఫక్కున నవ్వి నోరు నొక్కుకుంది. వదిన నవ్వలేదు. ఒక్కో వాక్యం ఊపిరి కూడదీసుకుని చెప్పింది. మధ్యలో రెండుసార్లు నర్సు వచ్చి ఆపమంది. ఆపలేదు.

"ఫలానా తేదీన తీసిన మూడో ప్లేటుకి సమయం నమోదు చేసిన ఉద్యోగి ఆ వేళ గదిలో లేడు. పట్టికలో ఉన్న సమయాన్ని గంట విన్నట్టుగా రాశాడు. మబ్బు వల్ల ఆలస్యమైందని పరిశీలకురాలు చెప్పిన మాట నిజం. సవరించిన సమయంతో మూడు ప్లేట్ల కొలతలూ ఇందుతో పంపుతున్నాం. రాశావా?"

"రాశాను."

"చదువు."

చదివాను.

"ఉద్యోగి అంటే ఎవడు? పేరు రాయి."

రాశాను. కింద సంతకం పెట్టమంది, పెట్టాను. కాగితం లాక్కుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసింది, నా ఎక్కాల పుస్తకం దిద్దినట్టు. రెండో వాక్యంలో ఒక ఒత్తు పోయింది. పెట్టించింది.

"పంపు. ఇక వెళ్లు."

స్కానర్ మేడం కొలతలు జతచేసి మధ్యాహ్నమే ఆ రాళ్ల జాబితా నడిపేవాళ్లకి పంపింది.

ఫిబ్రవరి 24

డాక్టరు రోజులని కూడా అనడం లేదు. జవాబు రాలేదు. గంట గంటకీ మేడం దగ్గరికి వెళ్లి అడుగుతున్నాను. దేవుడా, ఇంకొక్క వారం.

ఫిబ్రవరి 25

రాలేదు. ఇవాళ ఆమె ఎవర్నీ గుర్తుపట్టలేదట కాసేపు. తర్వాత పట్టిందట.

ఫిబ్రవరి 26

వచ్చింది. మేడం కాగితం తీసి నా చేతికిచ్చి, "మీరు వెళ్లండి, గది నేను తాళం వేస్తా" అంది. వెనక నుంచి "సార్, ఆవిడకి నా నమస్కారం చెప్పండి" అంది.

వదిన మెలకువగానే ఉంది. కూతురు తలగడ ఎత్తి పట్టుకుంది. చదివాను. కనిపెట్టిన ఖ్యాతి ఆ యంత్రానిదేనట, నిబంధనలు అలా ఉన్నాయట. పేరు పెట్టే హక్కు కూడా ఆమెకి రాదు. కాని ఈ రాయిని భూమ్మీద అందరికన్నా ముందు చూసింది ఈ మూడు ప్లేట్లతోనే, దాని చరిత్ర ఇకనుంచి ఆ తేదీతో మొదలవుతుంది, ఎదురుగా పరిశీలకురాలి పేరు ఉంటుంది అని రాశారు.

"ఇంకోసారి" అంది.

ఇంకోసారి చదివాను.

"మామూలు రాయేనా?"

"మామూలు రాయే వదినా. అలాంటివి లక్షలున్నాయట."

"దీనికా ఊరంతా హడలెత్తించాం" అని నవ్వబోయి దగ్గు తెచ్చుకుంది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. పెదవులు నీలంగా అయ్యాయి. కూతురు నీళ్లు తాగించి, మూతి తుడిచి, కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టింది. గుప్పిట బిగించింది.

నేనిక ఆగలేకపోయాను. "వదినా, నన్ను..."

"అడగొద్దు" అంది. "క్షమించడానికి ఓపిక కావాలిరా. నాకున్నది ఊపిరి తీసుకోడానికే చాలట్లేదు."

తల వంచుకుని నిలబడ్డాను. వెళ్లమంటుందని చూస్తున్నాను. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చింది, కూతురు తెర కాస్త వేసింది.

"నిలబడ్డావేం?" అంది వదిన, కళ్లు తెరవకుండానే. "కూర్చో."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. చీకటి పడేదాకా ఆమె నాతో ఇంకో మాట మాట్లాడలేదు. వెళ్లమనీ అనలేదు.